కోడళ్ళకు చెప్పే పేర్లు

ముప్ఫయ్యేళ్ళ కిందట పొల్లాచ్చి దగ్గర ఒక ఇంట్లో పదకొండు రోజులు భోంచేసి, ఆ ఇంటి పెద్దావిడ నోటి మాటలన్నీ కాగితాల మీద రాసుకుని వచ్చాను. మళ్ళీ ఆ గడప తొక్కడానికి ఇంతకాలం పట్టింది. దూరం అని చెప్పడానికి లేదు. బెజవాడలో రైలెక్కితే మర్నాటికి కోయంబత్తూరులో దిగొచ్చు. వెళ్ళకపోవడానికి కారణం నేనే. ఈ మధ్య వెళ్ళొచ్చాను. వచ్చి నెల దాటింది. ఆ వైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను, కొంత నా కోసం కూడా.

కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల తెలుగువాళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నారు. బడిలో తమిళం, బజారులో తమిళం, ఇంట్లో తెలుగు. మాట్లాడతారు గాని చాలామంది చదవలేరు. నేనప్పుడు బందరులో తెలుగు లెక్చరర్ని. రెండు మాటలు కలిసి ఒక వస్తువుకి పేరవుతాయి కదా, గుర్రపుబండి, పాలకుండ లాంటివి, వాటిని ఆ ఇళ్ళలో పోగుచేద్దామని వెళ్ళాను. రాజమ్మాళ్‌గారి ఇల్లు దొరకడం నా అదృష్టం. ఆ ఇంటికొక ఆచారం ఉంది. కొత్తకోడలు గడప దాటి లోపలికి రాగానే ఇంటి పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పుతుంది. ఒక్కో వస్తువు మీద ఆ పిల్ల చేత చెయ్యి పెట్టించి దాని పేరు చెబుతుంది. కోడలు తిరిగి చెప్పాలి. వంటిల్లు, వడ్లకొట్టు, పశువులశాల అన్నీ అయ్యేసరికి వంద పేర్లు దాటతాయి. అన్నీ జంటమాటలే. దాదాపు అన్నీ తెలుగే. అది పూర్తయితేనే ఆ పిల్ల ఆ ఇంటి మనిషి.

నాకోసం రాజమ్మాళ్‌గారు కోడలు లేకుండానే ఆ పేర్లన్నీ చెప్పింది. నా వెనకే తిరుగుతూ, నేను రాసుకునేదాకా ఆగుతూ చెప్పింది.

నేను రాసుకున్నది ఆమె చెప్పినట్టు కాదు. ఆవిడ "దీపంగూడు" అంటే నేను "దీపపుగూడు" అని రాశాను. "టెంకాయపీచు" అంటే "కొబ్బరిపీచు" అని రాశాను. "చల్లకుండ"ను మజ్జిగకుండ చేశాను. బియ్యం పోసుకునే కుండను ఆవిడ "బియ్యంపానె" అంది. పానె తమిళం కాబట్టి దాన్ని అసలు రాయనే లేదు. చెవి విన్నది చేతికి చేరేలోపు దిద్దడం నాకు తరగతి గదిలో పట్టిన అలవాటు. తర్వాత పుస్తకం వేసినప్పుడు చివర రెండు వరసల పట్టిక పెట్టాను. ఒక వరస పైన "సరియైన రూపాలు", ఇంకొక వరస పైన "అపశబ్దాలు". రెండో వరసలో కొన్ని ఆవిడ మాటలు, పక్కనే ఆవిడ పేరు, ఊరు. కృతజ్ఞతతోనే వేశాను. ఒక కాపీ పంపాను కూడా.

ఇప్పుడు వెళ్ళడానికి కారణం అన్నెకె. మా బందరులో వలందపాలెం అనే పేట ఉంది. ఒకప్పుడు డచ్చివాళ్ళు ఉన్నచోటు. వాళ్ళ సమాధులు చూడడానికి వచ్చిన ఆమెను ఎవరో మా ఇంటికి తీసుకొచ్చారు. నలభై దాటిన డచ్చి మనిషి. ఆమె పని, తన భాషలో జంటమాటలు ఎలా పుడతాయి, వాటిని పలికేటప్పుడు గొంతు ఏ మాట మీద ఊనుతుంది అని చూడడం. హైదరాబాదులో రెండేళ్ళు తెలుగు నేర్చుకుందట. నా పుస్తకం చదివిందట. రాజమ్మాళ్‌గారు ఈ మాటల్ని ఎలా పలికింది, ఎక్కడ ఊనింది అని అడిగింది. ఆవిడ గొంతు రికార్డు చేసిన క్యాసెట్ల మీద తర్వాత నా రేడియో ప్రసంగాలు ఎక్కించుకున్నాను. కొత్త క్యాసెట్లు కొనడానికి బద్ధకించి.

అది విని అన్నెకె, ఆవిడ ఉన్నారా అని మాత్రం అడిగింది.

గాంధీపురం

కోయంబత్తూరులో పొద్దున్నే దిగి గాంధీపురం బస్టాండుకు వెళ్ళాం. చుట్టూ చీరల షాపులు, లాడ్జీలు, ఆటోలు, ఏడింటికే జాతర. ఇత్తడి గ్లాసులో కాఫీ పాతిక రూపాయలు. మా బందరు కాఫీ కంటే చేదు, మా కాఫీ కంటే వేడి. అన్నెకె రెండు తాగింది.

పొల్లాచ్చి బస్సు కోసం గంటసేపు నిలబడ్డాం. బోర్డులన్నీ తమిళంలో ఉన్నాయి. నాకు తమిళం చదవడం రాదు. ఎదురుగా షట్టరు తీస్తున్న చీరల షాపు పెద్దాయన మేము తెలుగులో గొణుక్కోవడం విన్నట్టున్నాడు. వచ్చి, పొల్లాచ్చి బస్సు ఇక్కడికి రాదని, ఉక్కడం పోవాలని చెప్పాడు. తెలుగే, కాని ప్రతి వాక్యం సగంలో తమిళంలోకి జారిపోతుంది.

"ఆంధ్రావా? మీ తెలుగు పేపర్ తెలుగు," అన్నాడు నవ్వుతూ. "మాది ఇంటి తెలుగు. మీవాళ్ళు వస్తే మేము తమిళంలోనే మాట్లాడేది. లేకుంటే దిద్దుతారు."

ఆయన సరదాగా అన్నాడు. అన్నెకె నా వైపు చూడలేదు, అది ఆమె మర్యాద. ఆటో ఎక్కాక, మీరు బోర్డు చదవలేకపోయినందుకు ఆయన నవ్వలేదు చూశారా అంది. అప్పటికి నేను అది గమనించలేదు.

పొల్లాచ్చి

పొల్లాచ్చి వరకు దారి పొడుగునా కొబ్బరితోటలే. కోనసీమ చూసిన కళ్ళకు ఇది కొత్త కాదనుకున్నాను. కాని అక్కడ చెట్ల కింద నీళ్ళుంటాయి, ఇక్కడ ఎర్రమట్టి, ఎండుతున్న కొబ్బరి చిప్పలు. ఊరంతా ఆ వాసనే. బస్టాండు బయట బోండాం నలభై రూపాయలు. నీళ్ళు తాగాక కాయను రెండుగా కొట్టి, అదే కాయ చెక్కుతో లేత కొబ్బరి గీకి ఇచ్చాడు.

రాజమ్మాళ్‌గారి పెద్దకోడలు సరోజమ్మ ఇంట్లో ఉంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ముప్ఫై దాటని మనిషి. ఇప్పుడు జుట్టంతా తెలుపు. ముందు ఫోన్ చేసినా, వాకిట్లో నన్ను చూసి కాసేపు నిలబడిపోయింది.

"రాండి వాద్యారయ్యా," అంది. "రొంబ చిక్కిపోతిరి." వాద్యార్ అంటే మాస్టారు, రొంబ అంటే చాలా.

నేను తెచ్చిన బందరు హల్వా తీసుకుని దేవుడి గూట్లో పెట్టింది. మధ్యాహ్నం బియ్యం, పప్పు కలిపి వండే అన్నం పెట్టింది. అక్కడివాళ్ళకు అది రోజువారీ తిండి. పైన నెయ్యి, పక్కన ఉలవల రసం. మా ఉలవచారులాగా చిక్కగా ఉండదు, నీళ్ళలాగా ఉంటుంది, తాగేస్తారు. నేను అన్నంలో కలుపుకుంటుంటే సరోజమ్మ నవ్వాపుకుంది.

అత్తగారు ఇక్కడ లేరని, పెరియకుళంలో చిన్నకొడుకు మామిడితోట ఇంట్లో ఉన్నారని చెప్పింది. చిన్నవాళ్ళ కొడుక్కి నిన్న బుధవారం పెళ్ళికూతురు ఊళ్ళో కల్యాణం అయింది. రేపు శుక్రవారం కోడలు ఇంటికి వస్తుంది. సరోజమ్మ కల్యాణం చూసుకుని, ఎండబెట్టిన కొబ్బరి సంగతి చూడడానికి తిరిగొచ్చింది. రేపు తెల్లారి మళ్ళీ బయలుదేరుతుంది.

అయితే రేపు రాజమ్మాళ్‌గారు కొత్తకోడలికి పేర్లు చెబుతారా అని అన్నెకె ఆశగా అడిగింది. సరోజమ్మ ఎంగిలి ఆకులు తీసి బయట పడేసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. తర్వాత ఆవిడ చెప్పిందంతా నా వైపు చూడకుండా అన్నెకెకే చెప్పింది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట చిన్నకొడుకు పెళ్ళి. అప్పటికి నా పుస్తకం వచ్చి కొన్ని నెలలైంది. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు కాబట్టి పసుపుగుడ్డలో చుట్టి దేవుడి దగ్గర పెట్టారు. పెళ్ళికి ఆంధ్రా నుంచి ఒక చుట్టం వచ్చాడు. పుస్తకంలో మా అమ్మ పేరుందట, చదవండి అని అందరూ అడిగారు. ఆయన రాజమ్మాళ్‌గారి పేరున్న పేజీ వెతికి గట్టిగా చదివాడు. అది రెండో వరస. ఆ వరసకు పైనున్న పేరు కూడా చదివాడు. అర్థం అడిగితే, ఇవి తప్పు మాటలని చెప్పాడు.

"ఆయన నవ్వలే," అంది సరోజమ్మ. "చదివినాడు, అంతే. నవ్వింది మావాళ్ళే. ఒక్కో మాటకూ నవ్విరి. అత్త పెద్దపీట మీద కూర్చొని ఉండె."

ఆ సాయంత్రం చిన్నకోడలు వసంత గడప దాటి లోపలికి వచ్చింది. అందరూ చూస్తున్నారు. రాజమ్మాళ్‌గారు ఆమె చెయ్యి పట్టుకోలేదు. తలనొప్పి అని లోపలికి వెళ్ళి పడుకుంది. మర్నాడూ చెప్పలేదు. తర్వాత అడిగితే, తప్పు మాటలు నా నోటితో ఎందుకు చెప్పేది అని తమిళంలో అంది. మనవళ్ళతో, మనవరాళ్ళతో ఇవాళ్టికీ తమిళమే.

"నాకు పందొమ్మిదేళ్ళప్పుడు చెప్పింది. ఇప్పటికీ చీకట్లో కూడా ఏ కుండ ఏదో చెయ్యి పెట్టి చెప్తాను. వసంతకు ఏమీ చెప్పలే. ఇన్నేళ్ళూ ఆ బిడ్డ ఆ ఇంట్లో చుట్టం మాదిరి ఉంది," అంది సరోజమ్మ.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. ఇదంతా నాకు తెలియదని చెప్పి ఈ కథనం రాయొచ్చు. చదివేవాళ్ళు నమ్ముతారు కూడా. కాని ఆ పెళ్ళయిన ఏడాదే ఆ ఇంటి పెద్దకొడుకు నుంచి నాకు ఇంగ్లీషులో నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. పుస్తకం వల్ల అమ్మ బాధపడిందని, దయచేసి మళ్ళీ అచ్చు వేయవద్దని రాశాడు. ఎందుకు బాధపడిందో నాకు అర్థమైంది. జవాబు రాయలేదు. రెండో ముద్రణ వేశాను. అందులో మార్చింది ఒక్కటే, వెనక అట్ట మీద నా ఫొటో.

ఆ ఉత్తరం సంగతి సరోజమ్మకు చెప్పాను. ఆమె తల ఊపింది. ఆమెకు తెలుసు. తన భర్త ఆ ఉత్తరం ఇంగ్లీషు మాస్టారు చేత రాయించుకుని వచ్చి, మూడు నెలలు పోస్టుమాన్ కోసం చూశాడట.

పళని మీదుగా

తెల్లారి ఆరింటికి ముగ్గురం బస్సెక్కాం. పళని కొండ దాటి, ఒట్టన్‌చత్రంలో కూరగాయల లారీల మధ్య ఇరుక్కుని, వత్తలగుండు మీదుగా నాలుగు గంటలకు పైగా ప్రయాణం. కొడైకెనాల్ కొండలు కనబడడం మొదలయ్యాక గాలి మారింది.

సరోజమ్మకు అన్నెకె భాష మీద ఆసక్తి కలిగింది. మీ ఇంట్లో ఏమంటారు, మీ ఇంట్లో ఏమంటారు అని ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు అడుగుతూ కూర్చున్నారు. అన్నెకె తన మోకాలి మీద వేలితో తాళం వేస్తూ చెప్పింది. వాళ్ళ భాషలో రెండు మాటలు కలిస్తే మొదటి మాట మీద గట్టిగా ఊని, రెండోది తేలిగ్గా వదిలేస్తారట. మామూలుగా అంతే. కొన్ని మొండివి ఉన్నాయి, ఊరి కచేరీ భవనాన్ని స్టాట్‌హైస్ అంటారట, అందులో బరువు రెండోదాని మీద పడుతుందట. చివరి మాట వస్తువు ఏమిటో చెబుతుంది, మొదటిది అది ఎలాంటిదో, దేనిదో చెబుతుంది. మధ్యలో ఒక్కోసారి అతుకుగా చిన్న శబ్దం వస్తుంది. బూకెన్‌కాస్ట్ అంటే పుస్తకాల బీరువా, ఆ "ఎన్" అతుకే. మన గుర్రపుబండిలో "పు" లాగా అన్నాను నేను. మాట్లాడకుండా ఉండలేకపోయాను.

అట్టుని వాళ్ళు పెనం, రొట్టె కలిపి పిలుస్తారట. కొన్నేళ్ళ కిందట పెద్దలు కూర్చుని ఆ మాట మధ్యలో రాతలో "న" చేర్చారట. నోటితో మాత్రం చాలామంది పాతలాగే పలుకుతారు. మీ అమ్మమ్మ ఏం చేసింది అని సరోజమ్మ అడిగింది.

"పాతలాగే రాసింది," అంది అన్నెకె. "అట్టు బాగానే వచ్చింది."

సరోజమ్మ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే, అట్టు పెనాన్ని తమ ఇంట్లో ఏమంటారో చెప్పబోయి ఆగిపోయింది. అది అత్త చెప్పాలి, తను చెప్పకూడదు అంది. కాని ఆ ఒక్క ఉదయంలో ఆమె మాట్లాడిన మాటల్లోనే అన్నెకెకు తను వెతికేది దొరికింది. సరోజమ్మ కూడా మొదటి మాట మీద గొంతు కొంచెం ఎత్తి, రెండోదాన్ని దించేస్తోంది. తెలుగులో ఊనిక అనేది ఉండదని నేను ముప్ఫయ్యేళ్ళు తరగతిలో చెప్పాను. పరీక్షలో అలా రాయనివాళ్ళకు మార్కులు తగ్గించాను.

వత్తలగుండులో దిగి అరటిపండ్లు కొనుక్కున్నాం. కొండ అరటి, చిన్నవి, తొక్క మచ్చలు, లోపల తేనె. మనిషికి రెండు చాలు.

పెరియకుళం

మామిడితోట మధ్యలో ఇల్లు. ముంగిట్లో షామియానా, బంధువులు, అరటాకులు. వసంత ఎదురొచ్చింది. యాభై ఉంటాయి, కొడుకు పెళ్ళి అలసట ముఖం మీద ఉంది. నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసింది. పొల్లాచ్చి ఇంటి నుంచి వేరుపడి వచ్చినప్పుడు కుండలతోపాటు తెచ్చుకున్న పసుపుగుడ్డ మూట తీసుకొచ్చింది. అందులో నా పుస్తకం. ఆమెకీ చదవడం రాదు, అయినా పారెయ్యడానికి మనసు రాలేదంది.

మధ్యాహ్నం మూడింటికి కోడలు దివ్య వస్తుంది. సాత్తూరు వైపు పిల్ల, బ్యాంకులో పని. తన అత్త పేర్లు చెబుతుందన్న ఆశ వసంతకు లేదు. అందుకని వసంత నన్నొక కోరిక కోరింది.

"మీ బుక్కులో అన్నీ ఉండాయి కదా వాద్యారయ్యా. మీరు చదవండి. ఆ బిడ్డ చెయ్యి నేను పట్టుకుంటా. నాకు లేకపోయె, దానికైనా ఉండనీ."

ఆ క్షణం నాకు తేలిక దారి కనిపించింది. చదివేయవచ్చు. ఆమెకు తేడా తెలియదు, పెళ్ళికూతురికి తెలియదు. నా పుస్తకం ఆ ఇంట్లో ఆచారమైపోతుంది. ఇంకో తరం కోడళ్ళు దీపపుగూడు, మజ్జిగకుండ అని చెప్పుకుంటారు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన ఒక్క నిమిషం నాకు తియ్యగానే ఉంది.

చదవలేనని చెప్పాను. ఇందులో ఉన్నవి మీ అత్త మాటలు కావని, ఆవిడ చెప్పిన మాటల్ని నేను నాకు నచ్చినట్టు మార్చానని, కొన్ని అసలు రాయలేదని, మార్చనివి ఏవైనా ఉంటే అవి తప్పుల వరసలో ఉన్నాయని చెప్పాను. వసంతకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పుస్తకం వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"అయితే మా ఇంటి పేర్లు ఎక్కడా లేవా?"

"మీ అత్తగారి దగ్గరే ఉన్నాయమ్మా."

ఆమె పుస్తకాన్ని గుడ్డలో చుట్టలేదు. బల్ల మీద అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

రాజమ్మాళ్‌గారు వెనక గదిలో గోడకానుకుని కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది. ఎనభై అయిదు దాటాయి. చూపు బాగానే ఉంది, నన్ను గుర్తుపట్టింది. కింద కూర్చుని నమస్కారం పెట్టి క్షమించమని అడిగాను. ఆవిడ తమిళంలో జవాబు చెప్పింది. మీరు చదువుకున్నవాళ్ళు, మీరు రాసిందే సరి, మాకేం తెలుసు అని. భోంచేశారా అని అడిగింది, అదీ తమిళంలోనే. నేను తెలుగులో ఎంత మాట్లాడినా ఆవిడ తమిళంలోంచి బయటికి రాలేదు. పొల్లాచ్చిలో ముప్ఫయ్యేళ్ళ కిందట నాతో తమిళంలో ఒక్క వాక్యం మాట్లాడని మనిషి.

మూడింటికి పెళ్ళికూతురు వచ్చింది. హారతి పట్టారు. గడప లోపల నిలబెట్టారు. అందరూ రాజమ్మాళ్‌గారి వైపు చూశారు. ఆవిడ కుర్చీలో కూర్చుని కదల్లేదు. వసంత పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది, అత్త కుర్చీ వైపే చూస్తోంది, నాకు ఊరుకోవడం కష్టమైంది. లేచి ముందుకెళ్ళాను. బంధువులందరి ఎదుట నా తప్పు చెప్పుకుంటే ఆవిడ పరువు తిరిగి వస్తుందనుకున్నాను. పెద్దలారా అని మొదలుపెట్టి, ఈ అమ్మ మాటలే సరైనవి, నా పుస్తకమే తప్పు, తెలుగు పండితుడిగా నేను చెబుతున్నాను అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపిస్తోంది. పదాల పుట్టుక గురించి కూడా ఏదో చెప్పబోతున్నాను.

"వాద్యారే."

రాజమ్మాళ్‌గారు. తెలుగులో.

"అప్పుడు సరి లేదంటిరి. ఇప్పుడు సరి అంటిరి. రెండూ మీరే చెప్తిరి." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఇది మా ఇంటి ఆడోళ్ళ పేచు, మా మాట. మీరు బైటికి పోండి. మీ చెవి పడితే నా నోరు రాదు."

ఎవరూ నవ్వలేదు. పెళ్ళికొడుకు తండ్రి సర్దబోతే వద్దని చెయ్యి ఊపాను. వాకిలి దాటేటప్పుడు అన్నెకె కూడా నాతోపాటు లేచింది. ఆమెను ఉండమని రాజమ్మాళ్‌గారు సైగ చేసింది. అన్నెకె పక్కనున్న రికార్డరు వైపు చూసి మాత్రం తల అడ్డంగా ఊపింది. అన్నెకె దాన్ని సంచిలో పెట్టేసింది.

తోటలో

బయట షెడ్డులో ఆడవాళ్ళు మామిడికాయలు ఏరి పెట్టెల్లో సర్దుతున్నారు. పెళ్ళిల్లయినా లారీ ఆగదు. ఒకావిడ పగిలిన పండు కోసి ఉప్పూ కారం చల్లి ఇచ్చింది. మేము పండు మీద కారం చల్లుకోం. బాగుంది.

లోపలి నుంచి గొంతులు వినిపించాయి. ముందు ఒక్క ముసలి గొంతు, తర్వాత ఇంకొకటి, మళ్ళీ ముసలి గొంతు. మాటలు తెలియడం లేదు, వరస తెలుస్తోంది. ఒకరు చెప్పడం, ఇంకొకరు తిరిగి చెప్పడం. కొంచెం ముందుకు జరిగితే మాటలు అందుతాయి. వంటింటి కిటికీ ఇరవై అడుగుల దూరంలో ఉంది, తెరిచి ఉంది. ఈ ముప్ఫయ్యేళ్ళలో నేను పోగొట్టుకున్నదంతా ఆ కిటికీ లోపల ఉంది, ఎక్కడ ఊనుతుందో, ఎక్కడ దించుతుందో అంతా. ముందుకు రెండడుగులు వేశాను కూడా. అబద్ధం ఎందుకు.

తర్వాత వెనక్కి తిరిగి, తోటలోంచి రోడ్డు వరకు నడిచాను. గొంతులు పూర్తిగా వినిపించనంత దూరం వెళ్ళాక ఆగాను.

మదురై బస్సు

అన్నెకె రావడానికి గంటన్నర పట్టింది. వస్తూ వస్తూ నా సంచి కూడా తెచ్చింది. అయిదింటికి మదురై బస్సు దొరికింది, కిటికీ పక్క సీట్లు దొరికాయి. నేను ఏమీ అడగలేదు. బస్సు కదిలాక తనే చెప్పింది.

రాజమ్మాళ్‌గారు లేచి నేరుగా పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళలేదట. వసంత చేతిలో పళ్ళెం తీసి కింద పెట్టి, వసంత చెయ్యి పట్టుకుందట. ఇల్లంతా ముందు వసంతను తిప్పింది. ఒక్కో వస్తువు మీద ఆమె చెయ్యి పెట్టించి పేరు చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజూ ముట్టుకునే కుండల మీద చెయ్యి పెట్టి వసంత తిరిగి చెప్పింది. పెళ్ళికూతురు గడప దగ్గరే నిలబడి అంతసేపూ ఎదురుచూసింది. ఆమె వంతు తర్వాత వచ్చింది. పేర్లు చెప్పింది మాత్రం అప్పుడు రాజమ్మాళ్‌గారు కాదు, వసంత. పెద్దావిడ పక్కనే కర్ర పట్టుకుని నడిచింది. ఎక్కడా దిద్దలేదు.

కొన్ని ఊళ్ళు దాటాయి. అన్నెకె చేతిలో నోటుపుస్తకం లేదు, రికార్డరు సంచిలోనే ఉంది. ఆమె వేలు మాత్రం మోకాలి మీద కదులుతోంది. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెల్లగా.

"మాస్టారూ, ఒక్క మాట చెప్పనా? మొదటిది..."

"వద్దమ్మా," అన్నాను.

ఆమె తల ఊపి కిటికీ వైపు తిరిగింది. మరిచిపోకుండా ఉండడానికి కాబోలు, శబ్దం లేకుండా పెదవులు కదిలిస్తూ కూర్చుంది. కిటికీ అద్దంలో ఆ పెదవులు నాకు కనిపిస్తున్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను.